అరచేతిలో ముస్కదే

రిగ్గై, కువైట్
జూన్ 19, శుక్రవారం

పార్వతికి,

నువ్వు చేరినట్టు మెసేజి చూశాను. ఫోన్ చేయవద్దు. ఈ రూములో ఆరుగురం ఉంటాం. నేను హలో అంటే చాలు, టీవీ సౌండు తగ్గిస్తారు. అన్వర్ బాషా అయితే మంచం దిగి నా పక్కనే వచ్చి కూర్చుంటాడు. నాకు మామూలుగానే నోట్లోంచి మాట రాదు, వాళ్ల ముందు అసలు రాదు. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతాను. నువ్వూ అలాగే పంపు.

ఈ రోజు సెలవు కాబట్టి అలవాటు కొద్దీ సాల్మియా సముద్రం గట్టుకు వెళ్లాను. శుక్రవారం శుక్రవారం మనం కూర్చునే చోట ఎవరో ఫిలిప్పీను అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. కొంచెం దూరంగా కూర్చుని, లేచి వచ్చాను. మేడమ్ ఇంట్లో వండి నువ్వు తెచ్చే డబ్బా లేదు. తన అరచేతిలో పులుసు చుక్క వేసుకుని, నా నోటికి అందించి "ఉప్పు చూడు బావా" అనే మనిషి లేదు. పెళ్లయిన నాటి నుంచి మన ఇంట్లో ఉప్పు చూసేది నేనే కదా. అక్కడ ఎవరు చూస్తున్నారు?

వేసవి సెలవులు కాబట్టి పిల్లలతో పాటు నిన్ను కూడా తన పుట్టింటికి తీసుకుపోతానని మేడమ్ అన్నప్పుడు నేను సరే అన్నాను. సెప్టెంబరు దాకా అన్నారు. సెప్టెంబరు మొదటనా, చివరనా? కనుక్కో. ఎక్కడ పడుకుంటున్నావు? తలుపుకు లోపలి గడియ ఉందా?

ఇక్కడ విశేషం లేదు. సోమవారం దుమ్ము గాలి. మంగళవారం హోటలుకు మంచి జుబేదీ చేప వచ్చింది, అంతా నేనే కాల్చాను. మిగతా రోజులు ఎండ.

పెంచలయ్య


క్లిసోన్ పక్క పల్లె, ఫ్రాన్స్
జూన్ 28

బావా,

గడియ ఉంది. ఇనుపది. ముందు అది చెప్పేశాను, మిగతావి నిదానంగా విను.

ఈ పల్లె ఏటి ఒడ్డున ఉంది. ఎటు చూసినా ద్రాక్ష తోటలే. మన వైపు పందిళ్లు వేసి పాకిస్తారు చూడు, అట్లా కాదు. నడుమెత్తు మొక్కలు, టమోటా చేనులాగా వరసలు వరసలుగా ఉంటాయి. మేడమ్ వాళ్ల అన్నకు తోటా ఉంది, ఏటి పక్కనే చిన్న హోటలూ ఉంది. పిల్లలు పొద్దెక్కే దాకా లేవరు. అందాకా ఊరికే కూర్చోలేక హోటలు వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరుగుతున్నాను.

వీళ్లు చేసే వైను పేరు ముస్కదే. తెల్ల వైను అంటారు గానీ తెలుపు కాదు. గంజి తేరుకున్నాక పైన నిలిచే నీళ్లుంటాయి చూడు, ఆ రంగు. చలికాలమంతా అడుగున మడ్డి మీదనే కదపకుండా ఉంచుతారట. ఆ మడ్డి వల్లనే దానికి ఆ రుచి అంటారు. వట్టిగా తాగరు బావా, పక్కన తిండి ఉండాల్సిందే. ఆలుచిప్పలు పచ్చివే, నిమ్మకాయ పిండుకొని జుర్రుతారు. మొదటి రోజు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నల్ల చిప్పలు ఇంకో రకం ఉన్నాయి, వాటిని ఉల్లిపాయలేసి ఈ వైనులోనే ఉడికిస్తారు. ఏటి చేపకయితే తెల్ల వెన్న సాసు. చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి, వైనూ వెనిగరూ పోసి ఇగరబెట్టి, చల్లటి వెన్న కొంచెం కొంచెంగా వేసి తిప్పాలి. విరగకుండా తిప్పడమే దానిలో పని. ఒకరోజు ఆ గరిటె నాకిచ్చారు. విరగలేదు.

ఆ గరిటె తిప్పుతూనే "ఒక్క మిరపకాయైనా లేదు కదా ఈ వంటింట్లో" అని నాలో నేను అనుకున్నాను. పైకే అన్నానేమో. వెనక నుంచి తెలుగులో వినపడింది.

"ఉంటే మా ఓనరు ఊరుకోడండి. సీసాలు పట్టుకుని ఏట్లో దూకేత్తాడు."

గరిటె జారిపోయింది.

"ఏ ఊరమ్మా మీది?"

"రాయచోటి పక్కన సామీ. మీరు?"

"మాది యానామండి. మా తాతగారి కాలం నుంచీ ఫ్రెంచి కాయితాలేనండి మావి. ఇక్కడ తెలుగు మాట్టాడ్డానికి మడిసి లేక పీపాలతో మాట్టాడుకుంటన్నానండి, ఆయ్."

ఆయన పేరు సత్తిరాజు గారు. నేలమాళిగలో వైను పీపాలన్నీ చూసుకునేది ఆయనే. నీకు నవ్వు రాలేదా? నాకయితే ఆ రోజంతా నవ్వే.

పార్వతి


రిగ్గై, కువైట్
జూలై 3, శుక్రవారం

పార్వతికి,

చదివాను. వెన్న విరగలేదన్నావు. మంచిది.

ఆ సత్తిరాజు వయసెంత? భార్యాబిడ్డలు ఉన్నారా? ఏరూ తోటా అన్నీ రాశావు, అది రాయలేదు. మాట్లాడ్డానికి మనిషి లేక పీపాలతో మాట్లాడుకున్నాడు కదా, ఇప్పుడు మనిషి దొరికిందన్నమాట.

వైను రంగు చెప్పావు. మడ్డి సంగతి చెప్పావు. రుచి దగ్గరకు వచ్చేసరికి 'అంటారు' అని రాశావు. ఎవరు అంటారు? నువ్వు తాగావా? ఇక్కడ ఆ వస్తువు లేదు, ఉండకూడదు. ఇన్నేళ్లలో నేను దాని గురించి ఆలోచించింది లేదు. నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి ఆలోచిస్తున్నాను. బుధవారం నిప్పుల ముందు జుబేదీ తిరగేస్తూ, ఈ చేపకు ఆ వైను సరిపోతుందా అనుకున్నాను. నేను వాసన కూడా చూడని దానికి నా చేప సరిపోవాలా అని కూడా అనుకున్నాను. అంతలో చేప ఒక పక్క మాడింది. పెద్ద వంటవాడు చూసి, దాన్ని తీసి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్వర్ బాషాకు ఎట్లా తెలిసిందో తెలిసింది. "ఏందన్నా, వదిన ఫ్రెంచి వంట నేర్చుకుంటాందంట? వచ్చినాక నీ కాల్చిన చేప పక్కకు నెట్టేసి పచ్చి చిప్పలు పెడ్తాది చూడు నీకు" అన్నాడు. రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే తొందరగా వదిలేస్తారు.

నీకు వంట వచ్చు గానీ ఉప్పు తెలియదు. ఆ మాట అక్కడ వాళ్లకు చెప్పావా?

పెంచలయ్య


క్లిసోన్ పక్క పల్లె
జూలై 14

బావా,

చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

సత్తిరాజు గారు నీకంటే పెద్దవాడు. భార్య పోయింది, కూతురు వేరే ఊళ్లో ఉంది. ఇంతకన్నా రాయను. రాసేకొద్దీ నువ్వు ఇంకోటి అడుగుతావు.

ఇప్పుడు అసలు విషయం. మేడమ్ వాళ్లు డిసెంబరుతో సాల్మియా ఇల్లు ఖాళీ చేస్తారట. సార్ ఉద్యోగం అక్కడ అయిపోతుంది. అంటే నేను కువైట్‌లో ఉండే ఇఖామా కాగితం కూడా డిసెంబరుతో ఖలాస్. ఇక్కడ మేడమ్ అన్న హోటలులో వంటకు మనిషి కావాలి. ఆగస్టు చివర, కోతలు మొదలుకాక ముందు, కొత్త పీపా తెరిచి తోటలో వాళ్లకూ ఊళ్లో కొందరికీ భోజనం పెట్టడం వీళ్ల ఆనవాయితీ. ఆ రోజు నన్ను ఒక చేప వంట చేయమన్నారు. అది ముస్కదేకు సరిపోతే నాకు ఇక్కడ పని చేసే కాగితాలు పెడతారు. లేకపోతే లేదు.

ఏం వండాలో తెలియక రోజూ చూస్తున్నాను, ఏది దీనికి సరిపోతుంది, ఏది సరిపోదని. మేక పాల జున్ను సరిపోతుంది. ఉప్పు వెన్న రాసిన రొట్టె సరిపోతుంది. తీపి సరిపోదు. మసాలా ఎక్కువయితే వైను మాయమైపోయి నీళ్లు తాగినట్టే ఉంటుందట. అన్నిటికన్నా శత్రువు మిరపకాయ. కారం తగిలితే ఇదే వైను చేదెక్కి, నాలుక మీద గీరుకుంటుంది. సత్తిరాజు గారు ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుని ఒక గుక్క తాగి, మొహం ఎట్లా పెట్టారో చూడాల్సింది. "మా పెళ్లినాటి మా అత్తగారిలాగుందండి" అన్నారు.

నీ చేపల పొడి కావాలి. మీ హోటలులో అందరూ అడిగి తీసుకుపోతారు చూడు, అదే. కానీ ఎండుమిర్చి వద్దు బావా. తగ్గించడం కాదు, అసలే వద్దు. ధనియాలు, మిరియాలు, వాము, కొంచెం మెంతులు, చాలు. సార్ ఆఫీసు పని మీద నెలాఖరుకు కువైట్ వస్తున్నాడు, మీ హోటలుకు వచ్చి తీసుకుంటానన్నాడు.

నువ్వు అమ్ఘరా స్క్రాప్ యార్డులో పాత డబ్బాల మీది పేర్లు చూసి చదువు నేర్చుకున్నావు కదా. నేను ఇక్కడ సీసాల మీది పేర్లు చదువుతున్నాను.

పార్వతి


రిగ్గై, కువైట్
జూలై 22

పార్వతికి,

మేడమ్ నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. పక్కన నవ్వు మొహాలు పెట్టింది. మంచి మనసుతోనే పంపింది, ఆమె మీద నాకేమీ లేదు.

ఫోటోలో నువ్వు చెయ్యి చాపి నిలబడ్డావు. ఎవరిదో చెయ్యి గాజు గొట్టంలోంచి నీ అరచేతిలో వైను పోస్తోంది. మనిషి కనపడడు. మోచేతి దాకా కనపడుతుంది. వేలికి ఉంగరం ఉంది. చొక్కా చెయ్యి మడిచి ఉంది.

ఆ అరచేతిలో ఇంతవరకు నేను ఉప్పు చూసిన పులుసే పడింది.

నువ్వు తాగావా అని అడిగాను. జవాబు రాయలేదు. ఫోటో జవాబు చెప్పింది.

పెంచలయ్య


క్లిసోన్ పక్క పల్లె
జూలై 24

బావా,

ఆ చెయ్యి సత్తిరాజు గారిదే. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు నవ్వినా సరే, తిట్టినా సరే.

మేడమ్ అన్న నన్ను నేలమాళిగలోకి పిలిచాడు. మేడమ్ కూడా వచ్చింది. భోజనం రోజు తెరిచే పీపా చూపించి, దీని రుచి తెలియకుండా దీనికి ఎట్లా వండుతావు అన్నాడు. మింగక్కర్లేదు, ఉమ్మేయవచ్చు, ఇక్కడ అందరూ ఉమ్ముతారు అన్నాడు. సత్తిరాజు గారు గాజు గొట్టంతో పీపాలోంచి తీసి, నాకు గ్లాసు ఇవ్వబోయారు. నేను గ్లాసు అందుకోలేదు. నాకు తెలియకుండానే కుడి చెయ్యి గుంటలా చేసి, కింద ఎడమ చెయ్యి ఆనించి, తల వంచి నిలబడ్డాను. గుళ్లో తీర్థానికి నిలబడ్డట్టు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయనకు అయింది. నవ్వు ఆపుకుంటూ "పట్టండి తల్లీ, పట్టండి" అని ఒక చుక్క పోశారు. నేను నోట్లో పోసుకుని, తడి చెయ్యి తలకు రాసుకున్నాను కూడా. అప్పుడు ఆయన ఆపుకోలేక పీపా పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఏడుపొచ్చింది. అంతే జరిగింది. ఉమ్మలేదు, తీర్థం ఉమ్ముతారా?

ముందు పులుపు తగిలింది. చింతపండు పులుపు కాదు, లేత నిమ్మ పులుపు. ఆ వెనకే ఇంకోటి. ఉప్పు వేస్తారా అని అడిగాను. లేదన్నారు. కానీ నాకు తగిలింది బావా. సాల్మియా గట్టు మీద సాయంత్రం కూర్చుంటే గాలికి పెదాల మీద పేరుకుంటుంది చూడు, ఆ ఉప్పు. నేను నిన్నే తలుచుకున్నాను. నువ్వు అక్కడ ఫోటోలో ఉంగరం చూశావు.

నాకు ఉప్పు తెలియదని నువ్వంటే నిజమే అనుకుంటూ వచ్చాను. ఇన్నేళ్లలో నా చేతిలో ఉన్న దాని ఉప్పు నేను చూసుకోవడం అదే మొదటిసారి.

పొడి మర్చిపోకు.

పార్వతి


రిగ్గై, కువైట్
జూలై 31, శుక్రవారం

పార్వతికి,

చదివాను.

సార్ మంగళవారం హోటలుకు వచ్చాడు. పొడి ఇచ్చాను. రెండు కవర్లు వేసి మూతి కుట్టాను. ముస్కదేకు సరిపోతుందో లేదో నాకు తెలియదు, తెలిసే వీలు లేదు. మీకు అక్కడ తెలుస్తుంది.

ఆదివారం ధనియాలు వేయించాను. సోమవారం అన్వర్ బాషా దగ్గుతూ రూములోంచి బయటికి పోయాడు. మంగళవారం సంగతి పైన రాశాను. బుధ, గురువారాలు మామూలే.

ఆ తీర్థం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేది కాదు.

డిసెంబరు గురించి దిగులు పడకు. రిగ్గైలోనే ఒక కువైటీ ఇంట్లో మనిషి కావాలట, ఆ ఇంటి యజమానురాలు, ఆ మామా, మంచిదని విన్నాను. నేను అడిగి పెడతాను.

పొడిలో ఉప్పు నేనే చూసి వేశాను. నువ్వు మళ్లీ చూడక్కర్లేదు. నేరుగా చేపకు పట్టించు.

పెంచలయ్య


క్లిసోన్ పక్క పల్లె
ఆగస్టు 30

బావా,

నెల దాకా నేను రాయలేదు. నువ్వూ ఎందుకని అడగలేదు. అప్పుడే నాకు తెలిసింది, పొట్లం సంగతి నేను కనిపెట్టానని నీకూ తెలుసని.

నువ్వు చూడక్కర్లేదన్నావు కాబట్టి చూశాను. సార్ పొట్లం ఇచ్చిన రోజే మూతి కత్తిరించి చిటికెడు అరచేతిలో వేసుకుని నాలుకకు అంటించుకున్నాను. చెవుల దాకా మండింది. గుంటూరు మిరపకాయలు ఎన్ని వేశావో గానీ, వేసిన చెయ్యి నాకు కనపడింది. ఎర్ర రంగు పైకి రాకుండా ధనియాలు మాడేదాకా వేయించావు. అంత పనితనం ఎందుకు బావా?

కళ్లలో నీళ్లు కారుతుంటే సత్తిరాజు గారు లోపలికి వచ్చారు. "ఏటమ్మా, ఏడుత్తన్నారేంటి?" అన్నారు.

"మా ఆయన గుర్తొచ్చాడు" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆయన పొట్లం చూసి "మీవారి పొడేనా? ఓ చిటికెడు ఇలా పడేయండి" అన్నారు. నేను ఇవ్వలేదు. కొంగులో కట్టుకుని నా గదికి తీసుకుపోయాను. మేడమ్ వాళ్లడిగితే దారిలో తడిసి పాడైందని చెప్పాను. నీ కోసం నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

అన్వర్ బాషా దగ్గాడని నువ్వే రాశావు. ఎందుకు దగ్గాడో రాయలేదు. నీ రాతకు అబద్ధం చేతకాదు, అందుకని పొట్లానికి అప్పగించావు.

నేను వండింది విను. తోటలో గుత్తులు మరీ ఒత్తుగా ఉన్న చోట కొన్నిటిని పచ్చిగా ఉండగానే కోసి నేల మీద పారేస్తారు. ఎవరికీ పనికిరావు. నేను ఒడి నిండా ఏరుకొచ్చి, దంచి, రసం పిండాను. చింతపండుకు బదులు ఆ రసం. ఏటి చేపకు ఉప్పు, మిరియాలు, అల్లం పట్టించి వెన్నలో ఎర్రగా కాకుండా వేయించాను. పచ్చి ద్రాక్ష పులుసు పలచగా కాచి, చివర వెన్న వేసి తిప్పి చేప మీద పోశాను. సగం మన పులుసు, సగం వాళ్ల సాసు. పెట్టేముందు అరచేతిలో వేసుకుని చూశాను. ఒక చిటికెడు తక్కువైంది, వేశాను. మళ్లీ చూశాను. సరిపోయింది. నా పక్కన ఎవరూ లేరు.

మేడమ్ అన్న ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, మళ్లీ ముక్క తిన్నాడు. తన పళ్లెం ఖాళీ అయ్యాక మేడమ్ పళ్లెంలోకి చెయ్యి పెట్టాడు. సత్తిరాజు గారు రొట్టెను అన్నం కలిపినట్టు పులుసులో పిసుక్కుని తిన్నారు, ఊళ్లో వాళ్లు చూస్తున్నా లెక్క చేయలేదు.

కాగితాలు పెడతామన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. హోటలులో చేపలు కాల్చే మనిషి చలికాలంలో మానేస్తున్నాడట. మీ ఆయన ఏం చేస్తాడని అడిగారు. చేపలు కాలుస్తాడు, అట్లా కాల్చేవాడు నాకు ఇంకొకరు తెలియదు, పొడి కూడా ఆయనే కొడతాడు అన్నాను. అయితే ఆ పొడి ఇంకోసారి తెప్పించు, చూద్దాం అన్నారు.

సార్ సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ అక్కడికి వస్తాడు. మేం పదిహేనుకు తిరిగి వస్తాం. పంపుతావో లేదో నీ ఇష్టం. పంపితే ఇద్దరి కాగితాలూ అడుగుతాను. పంపకపోతే డిసెంబరులో నేను ఒక్కదాన్నే ఇక్కడికి వస్తాను. రిగ్గై మామా ఎంత మంచిదైనా నాకు వద్దు. ఇది కోపంతో రాయడం లేదు. కోపం ఆ రోజే కళ్ల నుంచి కారిపోయింది.

పార్వతి


రిగ్గై, కువైట్
సెప్టెంబరు 6

పార్వతికి,

మిరపకాయల సంగతి నువ్వు రాశావు. నేను కొత్తగా రాయడానికి అందులో ఏమీ మిగలలేదు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు రిగ్గై మామా ఇంటికి వెళ్లి, మా మనిషి రాదు, వేరే వాళ్లను చూసుకోండి అని చెప్పాను. పొడి మొదలుపెట్టింది ఆ తర్వాత.

నేను చూడని దానికి ఎట్లా సరిపెట్టాలో తెలియలేదు. నువ్వు పచ్చి ద్రాక్ష రసం అన్నావు కదా. మన హోటలులో సలాడ్లు చేసే సిరియా అతన్ని అడిగితే, దాన్ని వాళ్లు హుస్రుమ్ అంటారట, వంటల్లో పోసుకుంటారట. సాల్మియాలో ఇరానీ వాళ్ల కొట్లో సీసా దొరికింది. వైనుకు అది దూరమని నాకు తెలుసు. కానీ ఒకే చెట్టుది కదా. నీళ్లు కలిపి చల్లగా చేసుకుని, పొడి రకరకాలుగా కొట్టి, ఒక్కోటి చేప ముక్కకు రాసి కాల్చి, తిని, ఆ నీళ్లు ఒక గుక్క తాగి చూశాను. మెంతులు ఎక్కువైతే పులుపు చచ్చిపోతోంది. ధనియాలు మాడితే గొంతులో మసి. వాము కొంచెం తగిలితే బాగుంది. మిరియాలు నలిపి వేస్తే మెత్తటి పొడి కన్నా నయం. ఆఖర్న ఒక ముక్కకు కావాలనే కారం రాసి తాగాను. నువ్వు చెప్పినట్టే చేదెక్కింది, నాలుక మీద గీరుకుంది. నేను పంపిన పొట్లం పని చేసి ఉంటే నీ భోజనం ఎట్లా అయ్యేదో తెలిసింది.

వారమంతా ఇదే పని. అన్వర్ బాషా చూసి, "ఏందన్నా, ఒకటే పులుపు తాగుతాండావు? నెల తప్పినావా ఏంది?" అన్నాడు.

"అవునురా, బిడ్డకు నీ పేరే పెడతా" అన్నాను. రూములో అందరికన్నా వాడే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కూడా ఈసారి నిజంగానే నవ్వాను.

మొన్న శుక్రవారం చివరి రకం డబ్బాలో పెట్టుకుని గట్టు మీదికి వెళ్లాను. మన చోటు ఖాళీగా ఉంది. సాయంత్రం గాలి సముద్రం మీది నుంచి కొట్టింది. చేప తిన్నాను, ఆ నీళ్లు తాగాను. పెదాలు నాక్కుంటే నువ్వు రాసిన ఉప్పు తగిలింది. ఇన్నేళ్లు అక్కడే కూర్చున్నాను, నీ అరచేతిలో పులుసు ఉప్పు చూశాను గానీ, పెదాల మీద దాన్ని ఎప్పుడూ చూడలేదు.

సార్ రేపు వస్తాడు. పొట్లం సిద్ధం చేశాను. ఈసారి మూతి కుట్టలేదు, ముడి మాత్రమే వేశాను, ఎవరైనా విప్పి చూడవచ్చు.

సత్తిరాజు గారి మీద కోపం తగ్గలేదు. ఆయన ఉంగరం మీద, గాజు గొట్టం మీద కూడా. రేపు ఒకే హోటలులో పని చేయాల్సి వస్తే అక్కడే తగ్గించుకుంటాను. ఈలోగా ఆ గొట్టంతో నీకు ఏదైనా పోయాలంటే గ్లాసులో పోయమను.

పొడి అంతా కలిపాక అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా మూత తీశాను. చిటికెడు వేళ్ల మధ్యకు కూడా తీసుకున్నాను. మళ్లీ డబ్బాలోనే వేసి మూత పెట్టాను.

ఇందులో ఉప్పు లేదు. నీ చేతిలో వేసుకుని, నువ్వే చూసి వేసుకో.

నీ బావ